తాళంచెవి ఎవరి చేతిలో?

మా పక్క వాటాలో ఉంటున్న మామ్మది పల్నాడు. కొడుకు ఉద్యోగం కోసం సిద్దిపేట వస్తే వెంట తనూ వచ్చింది. పొద్దున పూట అన్నానికి పెట్టేటప్పుడు ఆమె చేసే పని ఒకటి తరచూ నా కంటబడుతూ ఉంటుంది. గ్లాసుతో కొలిచి బియ్యం గిన్నెలో పోస్తుంది. కడగబోయే ముందు ఆ గిన్నెలోనే చెయ్యి పెట్టి ఒక పిడికెడు తీస్తుంది. వేళ్ళ సందుల్లోంచి జారిన గింజల్ని గిన్నెలోకే రాలనిచ్చి, పిడికిట్లో మిగిలినవి గట్టు మీది పాత హార్లిక్స్ సీసాలో వేసి మూత బిగిస్తుంది. సీసా నిండితే గుడ్డ సంచిలోకి ఒంపుతుంది. ఆదివారం ఆ సంచి ఆమె చేతిలో చర్చికి వెళ్తుంది. నన్ను పట్టుకున్నది ఇందులోని ఒక చిన్న సంగతి. బస్తాలోంచి తీసి వేస్తే ఎవరికీ ఏ లోటూ ఉండదు. ఆమె తీసేది వండబోయే బియ్యంలోంచి. అంటే ఆ పూట ఇంట్లో ఎవరో ఒకరు, బహుశా ఆమే, నాలుగు ముద్దలు తక్కువ తింటారన్నమాట.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, ఈ బియ్యం ఎటు పోతాయి మామ్మా అని. "గుడికి పోతయ్యమ్మా. ఆ తర్వాత సంగతి పెద్దలు చూసుకుంటారు" అంది. అని కాసేపు ఊరుకుని, అడగకుండానే ఇంకో ముక్క చెప్పింది. ఆమె తల్లి పోయిన ఏడు వాళ్ళింటికీ ఇలాంటి బియ్యమే వచ్చిందట. తండ్రి వెళ్ళేవాడు కాదట, చిన్నపిల్ల కదా అని ఈమెనే పంపేవాడట. ఆరాధన అయ్యాక పేరు పెట్టి పిలిచేవాళ్ళట. అందరూ చూస్తుండగా ముందుకు నడిచి, గౌను చెంగు పట్టి బియ్యం పోయించుకుని వచ్చేదట. "బియ్యం మంచియ్యే ఇచ్చేవాళ్ళమ్మా, ఆ నడిచే నడకే కష్టంగా ఉండేది" అంది. అప్పటినుంచీ ఆ రెండు మాటలూ నా మనసులో ఒకదాని పక్కన ఒకటి కూర్చున్నాయి. పెద్దలు చూసుకుంటారన్న నమ్మకం ఒకటి, ఆ నడక కష్టంగా ఉండేదన్న జ్ఞాపకం ఒకటి. ఇచ్చేవాళ్ళకు పెత్తనం అక్కర్లేదు, తీసుకునేవాళ్ళకు పెత్తనం లేదు. మరి మధ్యలో ఉన్న ఆ సంచి ఎవరిది?

మామ్మ పుట్టిందీ పెరిగిందీ లూథరన్ సంఘంలో. ఇక్కడ ఆమె వెళ్ళేది సి.ఎస్.ఐ. చర్చికి. రెండుచోట్లా పాడేది ఆ ఆంధ్ర క్రైస్తవ కీర్తనలే కాబట్టి ఆమెకు పరాయితనం అనిపించలేదట. ఈ తేడా వెనక మన ప్రాంతాల చరిత్రే ఉంది. కుంఫిణీ ఏలుబడిలో ఉన్న గుంటూరు సీమకు లూథరన్లు వచ్చారు. నైజాం రాజ్యంలోని సికింద్రాబాదు, కరీంనగరం, సిద్దిపేట, మెదకు వైపు పందొమ్మిదో శతాబ్దం చివర్లో వెస్లియన్ మెథడిస్టులు వచ్చారు. 1947లో మెథడిస్టులూ ఆంగ్లికన్లూ మరికొందరూ కలిసి దక్షిణ ఇండియా సంఘంగా (సి.ఎస్.ఐ.) ఏర్పడినప్పుడు లూథరన్లు తమ సంఘాన్ని విడిగానే ఉంచుకున్నారు. పాలనలు వేరు, పద్ధతులు కొంత వేరు. ఆకలి మాత్రం రెండుచోట్లా ఒకటే. అందుకే మామ్మ పిడికిలి గురించి ఆలోచిస్తూ కూర్చుంటే నా మనసు ఒకసారి మెదక్ వైపు, ఒకసారి గుంటూరు వైపు పోతూ ఉంటుంది.

గుంటూరు సీమలో 1832-33 నాటి కరువును నందన కరువు అనేవారు. డొక్కల కరువని కూడా అనేవారు. ఊళ్ళకు ఊళ్ళు పాడుబడ్డ కరువు అది. ఆ తర్వాత పదేళ్ళకు, 1842 జులై 31న, జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ గుంటూరు చేరాడు. జర్మనీలో పుట్టి అమెరికాలో పాస్టరైన మనిషి. అప్పటి కలెక్టర్ హెన్రీ స్టోక్స్ ఆయనకు ఆసరా ఇచ్చాడు. హయ్యర్ వచ్చాడు, బడులు పెట్టాడు, కొన్నేళ్ళకే అమెరికా వెళ్ళిపోయాడు. అక్కడితో కథ ముగిసి ఉంటే ఆయన్ను నేను తలుచుకునేదాన్ని కాదు. వెళ్ళినవాడు బాల్టిమోరులో వైద్యం చదువుకున్నాడు. యాభై దాటిన వయసులో కొత్తగా విద్యార్థి అయ్యాడు. చదువు పూర్తిచేసి మళ్ళీ వచ్చాడు, గురజాల దాకా వెళ్ళి పల్నాడులో పని చేశాడు. డెబ్బై దాటాక మూడోసారి కూడా వచ్చాడు, ఆ రాక రాజమండ్రి పనిని నిలబెట్టడానికి. ఆయన వైద్యం నేర్చుకోవడాన్ని నేను ఒక రకంగా చదువుకుంటాను. తన సంచిలో ఏముందో అది పంచిపెట్టి వెళ్ళేవాళ్ళు ఒక రకం. ఎదుటివాడికి ఏం కావాలో చూసి, అది తన దగ్గర లేదని తెలుసుకుని, సంపాదించుకు వచ్చేవాళ్ళు ఇంకో రకం. రెండో రకంలో తీసుకునేవాడి మాటకు కొంచెం విలువ ఉంది. నోరు విప్పి చెప్పకపోయినా, జ్వరంతో కాలిపోయే వాడి ఒళ్ళు చెప్పిన మాట అది.

అన్నా కుగ్లర్ కథ ఇంకా దగ్గరగా తగులుతుంది నాకు. 1883లో ఆమె గుంటూరు వచ్చింది. చదువుకున్నది వైద్యం. పంపిన మిషన్ బోర్డు మాత్రం మొదట డాక్టరుగా పంపడానికి ఒప్పుకోలేదు, ఇళ్ళలో ఆడవాళ్ళకు చదువు చెప్పే పని మీద పంపింది. వచ్చాక గుమ్మం గుమ్మంలో కనబడినవి పురుళ్ళు, వాతాలు, మగ డాక్టరుకు చెయ్యి చూపించలేక లోలోపలే ముగిసిపోయే ప్రాణాలు. 1885లో బోర్డు ఆమెను వైద్యురాలిగా గుర్తించింది. 1898లో ఆడవాళ్ళకూ పిల్లలకూ ఆసుపత్రి తెరుచుకుంది. 1930లో ఆమె పోయాక ఆసుపత్రికి ఆమె పేరే నిలిచింది. గుంటూరులో ఈనాటికీ కుగ్లర్ ఆసుపత్రి అంటే తెలియనివాళ్ళు అరుదు. తన ఇంటి మనిషికి నయమైనందుకు ఏలూరు జమీందారు, రోగుల బంధువులు దిగడానికి ఆసుపత్రి దగ్గర సత్రం కట్టించాడు. ఈ సత్రం సంగతి చదివినప్పుడల్లా నాకు రెండు రకాలుగా అనిపిస్తుంది. జబ్బు దగ్గర కులం ఓడిపోయిందని ఒక సంతోషం. రోగిని ముట్టుకునే చెయ్యి ఎవరిదని అడగనివాళ్ళు, వంట దగ్గరికి వచ్చేసరికి వేరు పొయ్యి అడిగి ఉంటారు కదా అని ఒక దిగులు. మందు అందరికీ ఒకటే ఇవ్వడం తేలిక. అందర్నీ ఒక పంక్తిలో కూర్చోబెట్టడం ఎప్పటికి తేలికవుతుంది?

మా వైపు గుర్తు మెదక్ చర్చి. సిద్దిపేటలో బస్సెక్కి రామాయంపేట మీదుగా వెళ్తే పొలాల మీదుగా దూరాన్నించే ఆ గోపురం కనబడుతుంది. నూట డెబ్బై అయిదు అడుగుల ఎత్తు. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మెథడిస్టు మిషనరీ కరువు రోజుల్లో కట్టించాడు. 1914లో పని మొదలై పదేళ్ళు సాగింది, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కరువుకు చిక్కిన చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు రాళ్ళు మోశారు, సున్నం కలిపారు, వాళ్ళకు తిండి దొరికింది. ఊరికే గంజి పోస్తే మనిషి చిన్నబోతాడని, పని ఇచ్చి కూలి ఇస్తే తలెత్తుకుని తింటాడని అనుకున్నాడు కాబోలు. అది గౌరవించే ఆలోచనే. తొలిసారి వెళ్ళినప్పుడు రంగుటద్దాల్లోంచి నేల మీద పడే వెలుగు చూసి నేనూ అందరిలాగే మాట రాక నిలబడ్డాను. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్ళినా ఒక ప్రశ్న వదలదు. పస్తున్నవాడు ఒప్పుకున్న పనిలో వాడి ఇష్టం ఎంత ఉంటుంది? ఇంత కష్టం పెట్టి గోపురం కడదామా, చెరువు పూడిక తీద్దామా అని ఎవరైనా వాళ్ళను అడిగారా? అడిగితే వాళ్ళు కూడా గోపురమే అనేవాళ్ళేమో. అదీ కాదనలేను. ఏ ఆరాధన స్థలంలోకీ అడుగు పెట్టనివ్వని మనుషులకు ఆకాశమంత కట్టడం మనదని చెప్పుకునే గర్వం, తిండికంటే పెద్ద ఆకలి తీర్చి ఉండవచ్చు. నా సందేహమల్లా అడగడం గురించే.

ఈ అడగడం అన్న మాట దగ్గర ఆగినప్పుడల్లా నాకు ఐదు వందల ఏళ్ళనాటి ఒక పెట్టె గుర్తొస్తుంది. జర్మనీలో లైస్నిగ్ అని చిన్న ఊరు. మార్టిన్ లూథర్ ప్రశ్నలతో మఠాలూ పాత దానధర్మాల ఏర్పాట్లూ కదిలిపోతున్న రోజులవి. పేదల్ని చూసేదెవరన్న ప్రశ్న వచ్చింది. 1523లో ఆ ఊరి సంఘం ఒక ఉమ్మడి నిధి పెట్టుకుంది. దానికి లూథరే ముందుమాట రాశాడు. చర్చి మాన్యాల ఆదాయం, కానుకలు, మిగతా రాబడి అంతా ఒక పెట్టెలో పడాలి. అందులోంచి అనాథల చదువు, ముసలివాళ్ళ పోషణ, చేతిపని తెలిసి పెట్టుబడి లేనివాళ్ళకు అప్పు ఇవన్నీ నడవాలి. పదిమంది నిర్వాహకులు. ప్రభు కుటుంబాల నుంచి ఇద్దరు, పట్టణ సభ నుంచి ఇద్దరు, మామూలు పట్టణవాసుల నుంచి ముగ్గురు, చుట్టుపక్కల పల్లెల రైతుల నుంచి ముగ్గురు. నన్ను కదిలించిన సంగతి ఆ తర్వాతది. పెట్టెకు నాలుగు తాళాలు, నాలుగూ వేరువేరు. ప్రభువుల దగ్గర ఒక చెవి, సభ దగ్గర ఒకటి, పట్టణవాసుల దగ్గర ఒకటి, రైతుల దగ్గర ఒకటి. పల్లె రైతు తన చెవి తీసుకుని రాకపోతే ప్రభువు కూడా ఆ పెట్టె తెరవలేడు. ఏడాదికి మూడుసార్లు జనమంతా కూర్చుని లెక్క వినాలి. ఈ ఏర్పాటులో ఒక చిన్నపిల్ల ఒంటరిగా ముందుకు నడిచి బియ్యం తెచ్చుకునే అవసరం ఉండదు. వాళ్ళ నాన్న పక్షాన ఒక తాళంచెవి ఆ పెట్టె పక్కనే ఉంటుంది.

ఇంత మంచి ఏర్పాటు నడిచిందా? కాగితం మీద ఉన్నంత చక్కగా నడవలేదు. మాన్యాల మీద పట్టు వదలడానికి పట్టణ సభ ఒప్పుకోలేదు. అంతకంటే బాధ కలిగించేది మరొకటి. 1525లో దక్షిణ జర్మనీ రైతులు పన్నెండు కోరికలు రాసుకుని లేచారు. మా పాస్టరును మేమే ఎన్నుకుంటామన్నది అందులో మొదటిది. వెట్టి తగ్గించమన్నారు, అడవిలో కట్టె కొట్టుకోనివ్వమన్నారు. లూథర్ మొదట ప్రభువుల్నీ తప్పుపట్టాడు, మీ పీడన వల్లే ఇదంతా వచ్చిందన్నాడు. తిరుగుబాటు ముదిరేసరికి రైతుల్ని అణిచివెయ్యమని ప్రభువులకు చెప్పి ఘాటుగా రాశాడు. వేలకు వేలమంది చనిపోయారు. రెండేళ్ళ కిందట రైతు చేతిలో తాళంచెవి పెట్టిన ఏర్పాటును మెచ్చుకున్న కలమే ఈ మాటలూ రాసింది. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలో నాకు చాలాకాలం తోచలేదు. ఇప్పుడు తోచేది ఇదీ. చెయ్యి చాచినవాణ్ణి ప్రేమించడం మంచివాళ్ళకు కష్టం కాదు. అదే చెయ్యి పిడికిలి బిగించినప్పుడు కూడా ప్రేమించగలిగితేనే ఆ మంచితనానికి పరీక్ష. ఈ పరీక్ష లూథరుకు ఒక్కడికే వచ్చిందా? ప్రతి సంఘానికీ, ప్రతి సేవాసంస్థకూ, ఆ మాటకొస్తే ఇంట్లో పనిమనిషికి పాత చీర ఇచ్చి జీతం పెంచమంటే ముఖం మాడ్చుకునే ప్రతి ఇల్లాలికీ వస్తుంది.

మన దగ్గర ఈ పరీక్ష జాషువా రూపంలో వచ్చింది. గుర్రం జాషువా వినుకొండలో 1895లో పుట్టాడు. గుంటూరులో లూథరన్ సంఘం నడిపిన ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్ళు పనిచేశాడు. చదువు చెప్పి తన కాళ్ళ మీద తాను నిలబడే చోటు ఆయనకు ఆ సంఘం బడి ఇచ్చింది, అది కాదనకూడదు. కవిత్వం దగ్గరికి వచ్చేసరికి అటు అగ్రవర్ణాలవాళ్ళు అంటరానివాడికి పద్యమేమిటన్నారు. ఇటు తోటి క్రైస్తవులు పురాణకథల మీద కావ్యాలేమిటని వెలివేశారు. 1941లో వచ్చిన గబ్బిలంలో గుళ్ళోకి వెళ్ళలేని మనిషి తన మొర శివుడికి వినిపించమని గబ్బిలాన్ని పంపుకుంటాడు. ఆ కావ్యం తెలియని తెలుగువాడు లేడు. నేను ఆలోచించేది ఆ గబ్బిలం చర్చి చూరుకు వేలాడినా అదే మొర చెప్పి ఉండేదా అని. ఒకే ఊళ్ళో రెండు పేటలకు రెండు ప్రార్థనా మందిరాలు ఉన్న పల్లెలు మనకు తెలుసు. ఒకే దేవుణ్ణి నమ్మి, ఒకే కీర్తనలు పాడి, సంబంధం కలుపుకునే దగ్గర కులం అడిగే కుటుంబాలు మనకు తెలుసు. బయటి అన్యాయం మీద మాట్లాడే సంఘం, తన చూరు కింద ఏం వేలాడుతోందో తలెత్తి చూసుకోక తప్పదు.

అలాగని అంతా నిరాశే అంటే అది అబద్ధమవుతుంది. 1985 జులై 17న కారంచేడులో మాదిగ పేట మీద దాడి జరిగి ఆరుగురు చనిపోయినప్పుడు, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పారిపోయినవాళ్ళు చీరాల చేరి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. అక్కడే శిబిరం నడిచింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపినప్పుడు బాధితులు తెనాలిలో సాల్వేషన్ ఆర్మీ చర్చిలో ఉన్నారు. ఈ రెండు ఘటనల గురించి ఎంతో రాశారు. నా కళ్ళకు కట్టేది మాత్రం ఆ ఆవరణలే. ఆదివారం పూట కీర్తనలు పాడే చోట చాపలు పరుచుకుని పిల్లల్ని పడుకోబెట్టుకున్న తల్లులు. అక్కడ వాళ్ళు అన్నం కోసం వరసలో నిలబడ్డ దిక్కులేనివాళ్ళు కారు. మాకు పాత ఊరు వద్దు, రక్షణ కావాలి, శిక్ష పడాలి, భూమి కావాలి అని అడిగినవాళ్ళు. కారంచేడు వాళ్ళ అడగడంలోంచే దళిత మహాసభ పుట్టింది. దేశంలో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, దాని వెనక ఉన్న వేదనలో కారంచేడు కూడా ఉంది. గుడి ఆవరణ ఒకటి అలా ఉపయోగపడిందంటే, ఆ రోజుల్లో దాని గేటు తాళంచెవి సరైన చేతుల్లో ఉందన్నమాట.

ఇదే తూకంలో ఇంకో సంగతి పెట్టి చూడాలి. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే పరిమితం. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవులైన దళితులు మన రాష్ట్రాల్లో బి.సి. సి గ్రూపులో ఒక్క శాతం రిజర్వేషన్ కింద ఉన్నారు. ఊళ్ళో వాడ అదే, నీళ్ళ బిందె దగ్గర చూపు అదే, కాగితం మీద మాత్రం వాళ్ళు వేరు. దీని మీద ఏటా ఆగస్టు 10న చర్చిలు నల్లదినం పాటిస్తాయి. పాటించాల్సిందే. అయితే ఈ సమస్యను ఒక్కరోజు నల్ల బ్యాడ్జీకి వదిలేయలేం. సర్టిఫికెట్ కోసం తహసీల్దారు ఆఫీసు మెట్ల మీద కూర్చునే పదో తరగతి పిల్లవాడి పక్కన సంఘం మనిషి ఒకరు కూర్చోగలరా అన్నది అసలు ప్రశ్న. బియ్యం ఇచ్చేటప్పుడు ముందుండే చేతులు అర్జీ రాసేటప్పుడు కూడా ముందుంటాయా?

మా సిద్దిపేటలో ఇప్పుడు రోడ్లు బాగున్నాయి, కోమటి చెరువు కట్ట మీద సాయంత్రాలు జనం కిటకిటలాడతారు. దుబ్బాక వైపు వెళ్తే మగ్గం మీద ఇంకా చేతులాడిస్తున్న ముసలివాళ్ళు కనబడతారు. అప్పు చేసి బోర్లు వేసి నీళ్ళు పడక, ఆ అప్పే ప్రాణం తీసిన రైతుల ఇళ్ళు పాత మెదక్ జిల్లా పల్లెల్లో ఎన్నో. దుబాయికి పోయిన కొడుకు ఫోను కోసం ఎదురుచూసే తల్లులున్నారు. ఏ సంఘానికైనా, ఏ గుడికైనా ఇక్కడ చేయవలసిన పని కావలసినంత ఉంది. చీరలు పంచుతారు, దుప్పట్లు పంచుతారు, ఫోటో దిగుతారు. దుప్పటి అక్కరకు వస్తుంది, చలి నిజం. ఆ ఫోటోలో దుప్పటి అందుకుంటున్న ఆవిడ ముఖంలోకి చూస్తే మాత్రం మామ్మ చెప్పిన ఆ నడక నాకు అక్కడ కనబడుతుంది. ఆమెకు దుప్పటి కావాలో, భర్త పేరు మీద ఉన్న రెండెకరాలు తన పేరుకు మార్చే సాయం కావాలో ఎవరూ అడిగి ఉండరు.

సేవ చేసేవాళ్ళను చిన్నబుచ్చే హక్కు నాకు లేదు. హయ్యరూ కుగ్లరూ పాస్నెట్టూ చేసినదాంట్లో వెయ్యోవంతు కూడా చేయని చేతులు నావి. వాళ్ళు కట్టిన బడిలో చదివినవాళ్ళు, వాళ్ళ ఆసుపత్రిలో కళ్ళు తెరిచినవాళ్ళు లక్షలమంది. అయినా నాకు గట్టిగా అనిపిస్తున్నది చెప్పేస్తాను. తీసుకునేవాళ్ళకు లెక్క అడిగే హక్కు, వద్దనే హక్కు, ఇది కాదు అది కావాలనే హక్కు లేనంతకాలం ఎంత పెద్ద సేవైనా న్యాయం అనిపించుకోదు. లైస్నిగ్‌లో ఐదు వందల ఏళ్ళ కిందట తోచిన ఆలోచన ఇప్పుడు మనకు తోచకపోవడానికి కారణం లేదు. మీరు ఏ సంఘంలో ఉన్నా, చర్చి కానివ్వండి, గుడి కానివ్వండి, మసీదు కానివ్వండి, అపార్టుమెంటు సేవాసమితి కానివ్వండి, మూడు పనులు చేయించండి. సాయం తీసుకునేవాళ్ళలోంచి కనీసం ఇద్దర్ని కమిటీలో కూర్చోబెట్టండి. వాళ్ళ సంతకం లేకుండా పైసా కదలకూడదని రాసుకోండి. జమాఖర్చులు అందరి ముందూ చదవండి, ఇచ్చేటప్పుడు మాత్రం పేర్లు పిలవకండి, ఇంటికి వెళ్ళి ఇవ్వండి.